పిట్ట తర్వాత గోడ

శెట్టిపల్లి రైలుడబ్బాల షెడ్డులో ముప్పై ఏండ్లు
బోల్టులు బిగించి రిటైరైన అజర్యా సారు
అవిలాల పక్కన ఇల్లు కడతా నన్ను పిలిచినాడు.
కోస్తా మాట, నడినెత్తిన చిన్న గుండ్రటి టోపీ.
మొదటిరోజే చెప్పేసినాడు:
"చెంగల్రాయా, శనివారం పని వద్దు.
శుక్రవారం పొద్దు కుంకకముందే
కూలి లెక్క తేలిపోవాల."

నలభై ఏండ్ల తాపీలో అట్లాంటి ఆసామిని చూళ్లేదు.
కొండమెట్ల దోవ లైట్లు వెలగకముందే
కుప్పమ్మ కొంగులో నోట్లు ముడిపడేవి.
ఆ తర్వాత ఎలీషెబమ్మ రెండు దీపాలు పెట్టేది.
సారు లావుపాటి పుస్తకం తెరిచేవాడు.
తోరా అంట. వారానికొక భాగమంట.
ఏడాదికి అయిపోతుందంట,
అయిపోయిన్నాడే మళ్లా మొదలంట.

"చదివిందే చదివితే ఇసుగు పుట్టదా సారూ?"
"పోయినేడు నువ్వు కట్టిన గోడా, ఈ ఏడు కట్టే గోడా
ఒకటేనా?"
నాకైతే ఒకటే. ఆ మాట ఆయనకు చెప్పలేదు.

వినాయకుణ్ణి నీళ్లలో కలిపేసిన వారం.
సారువ విప్పతా ఉంటే
పడమటి గోడలో, కట్టె దూర్చిన బొక్కలో
పిచ్చుక గూడు. మూడు ఎర్రటి నోళ్లు.
సిమెంటు ఎత్తి పూడ్చబోతా ఉండా,
"ఆగు" అన్నాడు సారు.
ఎందుకని అడిగితే
"సాయంత్రం దాకా ఉండు, చదువుతా" అన్నాడు.

దోవలో పక్షిగూడు కనపడితే
తల్లినీ పిల్లల్నీ ఒకేసారి పట్టొద్దు,
తల్లిని పోనీ అని ఉందంట.
దాని కిందనే, ఊపిరి తిప్పుకోకుండా, ఇంకో మాట:
కొత్తిల్లు కడితే మిద్దెకు పిట్టగోడ కట్టు,
ఎవురన్నా పడితే ఆ నెత్తురు నీ ఇంటిమీద ఉంటుంది.

పిట్ట, తర్వాత గోడ.
నాకు నవ్వొచ్చింది. పిట్టగోడ!
పొట్టిది గనక పిట్టగోడ అనేవాడు మా తాత.
సారూ నవ్వినాడు.
వాళ్ల భాషలో ఆ రెండు మాటలకూ చుట్టరికం లేదంట,
మన తెలుగులోనే అతుక్కున్నాయంట.
"అయినా కత ఒకటే అబ్బా.
దెబ్బ తగలకముందే
తగిలేవాళ్లను తలుచుకోవడం."

అక్కడ ఆగింది నా నవ్వు.

పేరూరులో పదకొండేండ్ల కింద ఒక మిద్దె.
సిమెంటు చాల్లేదు.
"పిట్టగోడ వచ్చే నెల కడదాం లే" అన్నది
ఆసామి కాదు, నేనే.
ఎండాకాలం, పైన పడుకొన్నారు,
వాచ్‌మన్ కొడుకు పళని నిద్దట్లో పొర్లినాడు.
బతికినాడు.
ఇప్పుడు అలిపిరి కాడ టెంకాయలమ్ముతాడు, కూసోని.
నేను ఆ దోవన పోను.
చుట్టు తిరిగినా సరే, మంగళం మీదుగా పోతా.

ఈ కత సారుకు చెప్పలేదు.
దీపాలు కొండెక్కేదాకా కూసున్నా,
ఆయనా లెమ్మనలేదు.
పడమటి గోడ పూత పన్నెండు రోజులు ఆగింది.

ఊరందరికీ పిట్టగోడలు కట్టినోణ్ణి,
మా మిద్దెమీద ఇంకా కమ్ములే.
పై అంతస్తు ఆశకు నిలబెట్టిన కమ్ములు,
తుప్పు పట్టకుండా బోర్లించిన క్వార్టరు సీసాలు.
గాలి తోలితే ఈలలేస్తాయి.

ఆదివారం అలిపిరి దోవనే పోయినా.
రెండు టెంకాయలు తీసుకొన్నా.
పళని నన్ను గుర్తుపట్టినాడో లేదో,
నేను వద్దన్నా
చిల్లర లెక్కపెట్టి చేతిలో పెట్టినాడు.

మా మిద్దెమీద మూడు వరసలు లేచినాయి.
దుడ్లు అంతవరకే.
ఆ భాగం మళ్లా ఏటికి తిరిగొస్తుందంట,
అప్పటికి నడుం దాకా లేపాల.

మిరక్కాయలు ఎండేస్తా మా ఆడది అడిగింది,
పడమటి మూల
ఒక ఇటుక ఎందుకు వదిలేసినావని.

మరిచిపోయినా అన్నా.